శాంతికి మార్కులేసేవాళ్ళు మన ఊరికొస్తే



ఈసారి మిర్చి గురించి కాదు, యూరియా గురించి కాదు. శాంతి గురించి రాస్తున్నా. మొన్న ఆదివారం పొద్దున టీ కొట్టు దగ్గర శాంతి మీద ఎంత గొడవయ్యిందంటే, ఇద్దరు తమ్ముళ్ళు గ్లాసులు అక్కడే పెట్టేసి చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. నవ్వకండి, నిజం.

ఒక కుర్రాడి వాట్సాప్‌లో మెసేజి వచ్చింది. ప్రపంచ శాంతి సూచీ 2025, మొత్తం 163 దేశాలు, మన ఇండియా 115. అది చదవంగానే ఒకాయన "ఇదంతా తెల్లోళ్ళ కుట్ర, మన దేశం పరువు తియ్యడానికి పెట్టిన లిస్టు" అన్నాడు. ఇంకొకాయన "ఉన్నమాట అంటే ఉలుకెక్కువ" అన్నాడు. అంతే, ఇక పార్టీలోకి పోయింది, పార్టీలో నుంచి కులంలోకి పోయింది. నేను మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టాను గానీ, ఇంటికొచ్చాక నాకే పురుగు తొలిచింది. అసలు శాంతిని ఎట్లా కొలుస్తారు? కాటా మీద పెట్టేది కాదు, గజం బద్దతో కొలిచేది కాదు. మా అమ్మాయి డిగ్రీ చదువుతుంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని రెండు రాత్రులు ఆ రిపోర్టు చదివించుకున్నా. నాకర్థమైంది మీకు చెప్తా.

దీన్ని తయారుచేసేది ఆస్ట్రేలియాలో సిడ్నీ కేంద్రంగా ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎకనామిక్స్ అండ్ పీస్ అనే సంస్థ. పెట్టినాయన స్టీవ్ కిల్లెలియా, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో డబ్బు సంపాదించినాయన. ఒకసారి ఆఫ్రికాలో కాంగో దేశంలో, యుద్ధంతో నలిగిపోయిన కివూ అనే చోట తిరుగుతుంటే ఆయనకొక అనుమానం వచ్చిందంట. ఇంత అశాంతి ఉన్న చోటుకి పూర్తిగా వ్యతిరేకంగా, అన్నిటికంటే ప్రశాంతంగా ఉన్న దేశం ఏది? వాళ్ళ దగ్గర మనం నేర్చుకునేది ఏముంది? వెతికితే అట్లాంటి లిస్టే ఎక్కడా లేదు. అందుకని 2007లో మొదటి లిస్టు వేయించాడు. మొదటేడు నార్వే ఫస్టు, ఇరాక్ లాస్టు. 2008 నుంచి 2025 దాకా ఐస్‌లాండ్‌దే మొదటి స్థానమని ఆ రిపోర్టు చెప్తుంది.

కొలిచే పద్ధతి ఇదీ. మొత్తం 23 రకాల లెక్కలు తీస్తారు. హత్యలు, జైల్లో ఉన్నవాళ్ళు, లక్ష మందికి ఎంతమంది పోలీసులు, తుపాకులు ఎంత తేలిగ్గా దొరుకుతాయి, హింసతో కూడిన ఆందోళనలు, టెర్రరిజం, ఇల్లూవాకిలీ వదిలి పారిపోయిన జనం, జరుగుతున్న యుద్ధాలు, చచ్చిపోయినవాళ్ళు, పక్క దేశాలతో సంబంధాలు, సైన్యం ఖర్చు, ఆయుధాల కొనుగోలు, అమ్మకం. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. ఇక్కడ తిరకాసు ఏంటంటే, మార్కులు తగ్గితేనే మంచిది. దేశం లోపలి సంగతులకి నూటికి 60 పాళ్ళు, బయటి సంగతులకి 40 పాళ్ళు. కొన్ని లెక్కలు రికార్డుల్లోవి, కొన్ని మాత్రం నిపుణులు కూర్చుని తమ అంచనాతో వేసేవి. ఐస్‌లాండ్‌కి 1.095 వచ్చింది. మనకి 2.229. ఆఖరున 163వ స్థానంలో రష్యాకి 3.441.

టీ కొట్టు దగ్గర కుట్ర అన్నాయనకి ముందు ఒక మాట చెప్తా. మనది 115 అయితే అమెరికా ఎంతో తెలుసా అన్నా? 128. మనకంటే 13 మెట్లు కింద. తెల్లోళ్ళు మన పరువు తియ్యడానికే పెడితే అమెరికాని అంత కింద ఎందుకు పెడతారు? అక్కడ తుపాకులు ఎక్కువ, జైళ్ళు నిండా జనం, ఆయుధాలు ప్రపంచమంతా అమ్ముతారు, అణుబాంబులు ఉన్నాయి. అందుకని మార్కులు చెడ్డాయి. అయినా మన పిల్లలు ఎక్కడికి పోతున్నారు? మా ఊరి నుంచే ఏడుగురు అమెరికాలో ఉన్నారు. పొలం అమ్మి పంపినవాళ్ళున్నారు. 115 నుంచి 128కి అప్పు చేసి మరీ పంపుతున్నాం! అంటే లిస్టు తప్పనా, మనం తెలివితక్కువ వాళ్ళమనా? రెండూ కాదు. దేశం మొత్తానికి ఒకటే అంకె ఇస్తే అది ఏ ఇంటికీ సరిపోదు. ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపు, మన గుంటూరు టౌనంత కూడా లేరు. వాళ్ళకీ ఒక్కటే అంకె, 140 కోట్ల మంది ఉన్న మనకీ ఒక్కటే అంకె.

పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ సంగతి మీకు తెలుసు. లారీడు పత్తి తెస్తే, ఒకచోట మిషన్ పెట్టి 14 శాతం ఉంది పొమ్మంటాడు. పక్కన ఇంకోచోట పెడితే 9 చూపిస్తుంది. మిషన్ అబద్ధం చెప్పలేదు, పెట్టిన చోటుది అది. అట్లాగని మిషనే వద్దంటే ఇంకా ఘోరం, కొనేవాడు చేత్తో పిసికి చూసి నోటికొచ్చిన రేటు చెప్తాడు. కాబట్టి నా అభిప్రాయం ఏంటంటే కొలత ఉండాల్సిందే. లేకపోతే ప్రతి దేశమూ నేనే శాంతిదూతననే అంటుంది. భూటాన్ 21, నేపాల్ 76, శ్రీలంక 97. మనకంటే పేదవాళ్ళూ, మొన్నమొన్నటిదాకా లోపల లోపల కొట్టుకున్నవాళ్ళూ మనకంటే ముందున్నారంటే ఎందుకో తెలుసుకోవాలి గదా. బంగ్లాదేశ్ 123, పాకిస్తాన్ 144 కాబట్టి మనం మేలు అని మీసం తిప్పుకునేవాళ్ళు పైవాళ్ళ వంక కూడా చూడాలి.

కానీ ఒక్క విషయం మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆఖరున 163 రష్యా అన్నాను గదా. దానికి పైన 162 ఎవరో తెలుసా? ఉక్రెయిన్. 2022 ఫిబ్రవరిలో మీద పడి కొట్టినవాడు ఒకడు, కొట్టించుకున్నవాడు ఒకడు, ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టారు. శాంతి ఎంతుంది అని కొలిచేవాడికి ఇద్దరి దగ్గరా లేనిమాట నిజమే. ఎవరు చెడగొట్టారు అనేది మాత్రం ఆ 23 లెక్కల్లో లేదు.

ఇది మన పల్నాడు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 ఎలక్షన్లు అయ్యాక మన జిల్లాలో ఏం జరిగిందో, 144 సెక్షన్ ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. మా ఊళ్ళో ఒకడు రాళ్ళేశాడు. తల పగిలినవాడు స్టేషన్‌కి పోయి కేసు పెట్టాడు. తెల్లారేసరికి రాళ్ళేసినవాడు కౌంటర్ కేసు పెట్టాడు. ఇద్దరినీ పిలిచి బైండోవర్ చేశారు, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించారు. రికార్డులో ఇద్దరూ ఒకటే. తల పగిలినవాడు నా దగ్గర కూర్చుని "బాబాయ్, కుట్లు పడింది నాకు, సంతకం కూడా నేనే పెట్టాలా" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ వారం మా ఊళ్ళో పోలీసు పికెట్ ఉంది. ఒక్క కేక కూడా వినపడలేదు. పేపర్లో "పరిస్థితి ప్రశాంతం" అని రాశారు. నిజమే, అంత ప్రశాంతంగా మా ఊరు ఎప్పుడూ లేదు, ఎందుకంటే జనం బయటికే రాలేదు. చేలో ఉన్న పత్తి మొక్కకి నీళ్ళు కట్టడానికి కూడా భయపడ్డారు.

నార్వేలో జోహాన్ గాల్టుంగ్ అని ఒక పెద్దాయన 1964లోనే ఈ తేడా చెప్పాడంట. కొట్లాట లేకపోవడం ఒక రకం శాంతి. కొట్లాట అవసరమే రాని పరిస్థితి ఉండడం ఇంకో రకం శాంతి. ఈ సిడ్నీ సంస్థ వాళ్ళు రెండోదానికీ ఇంకో లిస్టు వేస్తున్నారు. అందులో ఎనిమిది సంగతులు చూస్తారు. సర్కారు సరిగ్గా పనిచేస్తుందా, లంచాలు తక్కువేనా, ఉన్నది అందరికీ సమంగా అందుతుందా, ఎదుటివాడి హక్కుని ఒప్పుకుంటామా, పొరుగువాళ్ళతో బాగుంటామా, ఇట్లాంటివి. నన్నడిగితే మన రైతులు చదవాల్సింది ఈ రెండో లిస్టే.

ఇక మా అమ్మాయి అడిగిన ప్రశ్న. 23 లెక్కలూ చదివి "మరి తాగొచ్చి ఇంట్లో పెళ్ళాన్ని కొట్టేది ఏ గడిలో వేస్తారు నాన్నా?" అంది. వెతికాం. లేదు. హత్య అయితే లెక్కలోకి వస్తుంది, కేసయితే ఎక్కడో కలుస్తుంది, గోడల మధ్య జరిగేదానికి విడిగా గడి లేదు. ఈ విమర్శ చాలామంది ఆడవాళ్ళు మొదటి నుంచీ చేస్తున్నదేనంట.

అమ్మాయి అడిగాక నేనూ ఒక గడి కోసం వెతికాను. అదీ లేదు. 2022లో మన దేశంలో వ్యవసాయం మీద బతికేవాళ్ళలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. రైతులు 5,207 మంది, కూలీలు 6,083 మంది. ఒకడు ఇంకొకడిని చంపితే శాంతి తగ్గినట్టు. తనని తాను చంపుకుంటే ఏమీ తగ్గనట్టు. మా వీధిలో నాలుగిళ్ళ అవతల ఒక కౌలు రైతు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, కల్లంలో కాయలున్నప్పుడే, అమ్మక ముందే పురుగు మందు తాగాడు. ఆ రాత్రి కేకలు లేవు, రాళ్ళు లేవు, పోలీసు పికెట్ రాలేదు. అప్పు ఇచ్చినవాడు కూడా మర్యాదగానే మాట్లాడాడంట, గొంతు కూడా పెంచలేదంట. ఏ మిషన్ పెట్టినా మా వీధి ప్రశాంతమనే చూపిస్తుంది. పొద్దున్నే వాడి చిన్నకూతురు మా ఇంటి తలుపు కొట్టింది. ఇంతకంటే రాయలేను.

యుద్ధాలు మనకి దూరం అనుకునేవాళ్ళకి ఒక్క ముక్క. ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మన వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె రేటు ఏమైందో ఆడవాళ్ళని అడగండి, ఆ నూనె ఎక్కువ భాగం ఆ దేశాల నుంచే వచ్చేది. పొటాష్ రష్యా, బెలారస్‌ల నుంచి రావాలి. ఆ ఏడు కట్ట 1700 దాకా పోయింది, గుర్తుందిగా? నేనైతే ఆ సంవత్సరం పొటాష్ సగమే వేశాను. 2024లో ప్రపంచం మొత్తం మీద హింస వల్లా, దాన్ని ఆపడానికీ అయిన ఖర్చు ప్రపంచ సంపాదనలో నూటికి 11.6 వంతులని ఈ రిపోర్టే చెప్తుంది. అందులో సగానికి పైగా సైన్యాలకీ, పోలీసులకీ. ఐస్‌లాండ్‌కి అసలు సొంత సైన్యమే లేదు. అట్లాగని వాళ్ళు మహాత్ములని కాదు, నాటో కూటమి నీడలో ఉన్నారు. చేపల వేట హద్దుల కోసం బ్రిటన్‌తో సముద్రం మీద కొట్లాట కూడా పెట్టుకున్నారు, 1976లో రాజీ అయింది. వాళ్ళదీ గట్టు తగాదానే, కాకపోతే గట్టు నీళ్ళలో ఉంది.

గట్టు అన్నాను కాబట్టి నా సంగతి కూడా చెప్పుకోవాలి, ఎదుటివాళ్ళవే రాస్తే బాగోదు. నాకూ, పక్క పొలం ఆయనకీ గట్టు మీద కేసు పదకొండేళ్ళ నుంచి నడుస్తుంది. తగాదా ఎంత భూమి మీదో తెలుసా? నాలుగు సెంట్లు. సర్వేయరు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ రెండు కొలతలు చెప్పాడు. లాయరు ఫీజులకి, వాయిదాలకి టౌనుకి పోయిన బస్సు చార్జీలకి అయిన డబ్బు లెక్కేస్తే ఆ నాలుగు సెంట్లు మూడుసార్లు కొనొచ్చు. ఒకరినొకరం చెయ్యి చేసుకోలేదు. తిట్టుకోలేదు కూడా. పదకొండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు, అంతే. వాళ్ళమ్మ చనిపోతే నేను పోలేదు. ఇది ఏ శాంతి కిందకొస్తుందో గాల్టుంగ్ గారినే అడగాలి. తప్పు ఆయనదేనని పదేళ్ళు నమ్మాను, ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నా.

అందుకని ఒక నోటుబుక్కు తీసి మా ఊరి లెక్క వెయ్యడం మొదలుపెట్టాను. మార్కులు వెయ్యడం లేదు, రాసుకోవడమే. గట్టు కేసులు తొమ్మిది. బైండోవర్ అయినవాళ్ళు ముప్ఫై ఒక్కరు. పదేళ్ళలో మందు తాగి పోయినవాళ్ళు ముగ్గురు, బతికి బయటపడ్డవాళ్ళు ఇద్దరు. మాట్లాడుకోని అన్నదమ్ముల ఇళ్ళు లెక్క పెట్టడం మొదలుపెట్టి పద్నాలుగు దగ్గర ఆపేశాను. చివరి భూములకి నీళ్ళు గొడవ లేకుండా అందిన సంవత్సరాలు, ఎంత గుర్తు చేసుకున్నా నాలుగే. మీ ఊళ్ళవి కూడా రాసి పంపండి, పేర్లు వద్దు, అంకెలు చాలు. ఫలానా ఊరు ఫస్టు, ఫలానా ఊరు లాస్టు అని మాత్రం పెట్టను, ఒట్టు. పెడితే టీ కొట్టు దగ్గర మళ్ళీ గ్లాసులు పగులుతాయి.

ఈ రాత్రి మా బోదెకి నీళ్ళొస్తున్నాయి. నా వంతు రెండు గంటలకి. నా ముందు వంతు పక్క పొలం ఆయనదే. పోయినసారి తన వంతు అయ్యాక మడవ నా వైపు తిప్పి, వాళ్ళబ్బాయితో ఫోను చేయించాడు, "నీళ్ళు వదిలాం, చూసుకోమంటున్నారు నాన్న" అని. ఈసారి నేనే ముందు ఫోను చేద్దామనుకుంటున్నా. నంబరు మార్చాడేమో తెలియదు, పదకొండేళ్ళ కిందటిదే ఉంది నా దగ్గర.