అప్‌డేట్ వాళ్లిష్టం.. నష్టం మనదా?

చత్తాబజార్ల పెండ్లి కార్డులు అచ్చేసే దుకాణాలల్ల ఇయ్యాల కాతిబ్ కలం కన్న కంప్యూటరే పెద్దది. చేతితోని నస్తాలీఖ్ రాసేటోళ్లు కూసున్న జాగల 1990ల సంది ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ కూసున్నది. ఉర్దూ కార్డయినా, తెలుగు శుభలేఖయినా గా డబ్బా నడిస్తేనే అచ్చు. గదే డబ్బా పొద్దుగాల అప్‌డేట్ అయ్యి, రీస్టార్ట్ అయ్యి, నీలి తెర మీదనే ఆగిపోతే? నిఖా తారీఖు అయితే ఆగదు గదా.

గీ నీలి తెర ఎంత పని జేస్తదో 2024 జులై 19, శుక్రవారం నాడు దునియా మొత్తం జూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ మన టైం ప్రకారం పొద్దుగాల 9.39కి ఒక చిన్న ఫైలు పంపింది, 10.57కి వాపస్ తీసుకున్నది. 78 నిమిషాలు. గంతల్నే 85 లక్షల విండోస్ మిషన్లు పండుకున్నయి. ఇటు మన శంషాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాసులు చేతితోని రాసిచ్చిన్రు. కారణం ఇంటే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వదు. ఫైలేమో 21వ ఖానా సూడుమన్నది, ప్రోగ్రాం కాడ ఉన్నయి 20 ఖానాలే. లేని ఖానాల చెయ్యి వెట్టబోయి విండోస్ కూలవడ్డది.

మందు చిన్నదే. సేఫ్ మోడ్‌ల మిషన్ తెరిచి, పేరుల 291 నంబరున్న గా ఫైలును తీసేసి, మళ్ల చాలూ జేసుడు. కానీ చాలూ కాని మిషన్‌కు నెట్ మీద మందు పంపుడు కష్టం. అందుకే శానా జాగలల్ల ఒక్కొక్క మిషన్ కాడ ఒక్కొక్క మనిషి కూసోవాల్సొచ్చింది. బిట్‌లాకర్ తాళం పడ్డ మిషన్లకైతే 48 అంకెల కీ గూడ కొట్టాలె. పాడు జేసుడేమో ఒక్క దెబ్బకు, బాగు జేసుడేమో దినాల కొద్ది. నా లెక్కల అసలు అన్యాయం గిక్కడనే ఉన్నది.

గది పెద్ద కంపెనీల ముచ్చట, మన గల్లీ దుకాణానికి క్రౌడ్‌స్ట్రైక్ యాడిది అనొచ్చు. నిజమే. విండోస్ అయితే ఉన్నది గదా. గదే 2024ల జులై 9 నాటి విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని మిషన్లు చాలూ కాంగనే బిట్‌లాకర్ కీ అడిగినయి. మైక్రోసాఫ్ట్ ఒప్పుకొని ఆగస్టు 13న సరిజేసింది. 2025 అక్టోబర్ 14 అప్‌డేట్ ఇంకో మెట్టు పైనే. విండోస్ 11ల మిషన్ లేవకపోతే వచ్చే రిపేర్ తెర ఉంటది సూడుండ్రి, గండ్లనే యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిజెయ్యలేదు. బాయిల పడ్డోనికి తాడేసి, గా తాడును అందకుంట పైకి గుంజినట్టు. 20వ తారీఖున అర్జెంటుగ ఇంకో అప్‌డేట్ ఇడిసిన్రు.

అట్లని అప్‌డేట్లే బంద్ పెడుదామంటే నేను ఒప్పుకోను. 2017 మార్చిలనే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ వేసుకోనోళ్లనే మే నెలల వన్నాక్రై వైరస్ ముంచింది. ఆంధ్రప్రదేశ్ పోలీసోళ్ల కంప్యూటర్లు గూడ గండ్ల చిక్కినయి.

మన తాన ఇంకో బీమారి ఉన్నది. మిషన్ లేవకపోతే సీదా ఫార్మాట్ కొట్టుడు. ఏండ్ల డిజైన్లు, గిరాకీల ఫైళ్లు అన్ని డెస్క్‌టాప్ మీదనే ఉంటయి, ఒక్క దెబ్బకు పోతయి. జర ఆగుండ్రి. రెండు మూడు సార్లు చాలూ అయితుండంగ మధ్యల ఆపితే రిపేర్ తెర అదే వస్తది. ట్రబుల్‌షూట్‌ల అడ్వాన్స్‌డ్ ఆప్షన్లు, గండ్ల అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. శానా సార్లు గంతతోనే లేస్తది. బిట్‌లాకర్ కీ అడిగితే మైక్రోసాఫ్ట్ అకౌంట్ల జూడాలె. మన దుకాణాలల్ల గా అకౌంటు ఎవలిదో ఎవలికి యాదికుండది, మిషన్ అమ్మిన పోరగాని ఈమెయిల్‌తోని తెరిచినయి గూడ ఉంటయి. గా కీ దొరకకపోతే హార్డ్‌డిస్క్ పీకి ఇంకో మిషన్‌కు పెట్టినా ఫైళ్లు కనవడయి. కాబట్టి మిషన్ మంచిగున్నప్పుడే కీ కాయితం మీద రాసి గల్లాపెట్టెల పెట్టుకోవాలె.

ఇగ నష్టం ఎవలు కట్టాలె? అమెరికాల డెల్టా ఎయిర్‌లైన్స్ 50 కోట్ల డాలర్లు పోయినయని క్రౌడ్‌స్ట్రైక్ మీద కోర్టుకెక్కింది. చత్తాబజార్ దుకాణపాయన ఏ కోర్టుకు పోవాలె? ఇన్‌స్టాల్ జేసేటప్పుడు సదవకుంట నొక్కిన ‘ఒప్పుకుంటున్న’ బటన్ కంపెనీకి ఢాలు లెక్క అడ్డమొస్తది.

ఇంకో ముచ్చట. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. 11 ఎక్కాల్నంటే టీపీఎం 2.0 చిప్పు గావాలె, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం సంది మీదిది ఉండాలె. పాత సెకండ్‌హ్యాండ్ డబ్బాలకు గవి యాడికెల్లి వస్తయి? ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు గావాల్నంటే 30 డాలర్లు కట్టాలె, లేకుంటే సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌ల పెట్టాలె, లేదంటే రివార్డ్ పాయింట్లు ఇయ్యాలె. యూరప్‌ల వినియోగదారుల సంఘాలు గట్టిగ అడిగేసరికి అక్కడోళ్లకు పైసల్లేకుంట, క్లౌడ్ బ్యాకప్ షరతు గూడ లేకుంట ఇచ్చిన్రు. మైక్రోసాఫ్ట్‌ను నడిపించే సత్య నాదెళ్ల బేగంపేటల సదువుకున్నోడే. మూసీ ఇవతలి దుకాణాలకు మాత్రం గా సౌలత్ రాలేదు.

అడిగినోళ్లకే వచ్చింది. మనం అడిగినమా? కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌ల రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. గండ్ల ఎక్కువ ముచ్చట సామాను దొరుకుడు, వారంటీ, సర్వీసు గురించే. కంపెనీ పంపిన అప్‌డేట్‌తోని మిషన్ పండుకుంటే బాగుజేసే ఖర్చు కంపెనీదే అనే మాట గండ్ల చేర్చాలె. యూరప్‌కు ఇచ్చిన సౌలత్ మనకూ ఇయ్యాల్నని హైదరాబాద్ ఎంపీలు ఢిల్లీల అడగాలె. గా ఏడాది గడువు 2026 అక్టోబర్ 13 దాకనే.