సన్నటి ధారే చాలు
ఏప్రిల్లో తలకోన జలపాతం నుంచి దిగొస్తున్న ఒకాయన ‘నీళ్లేం లేవు సార్, అనవసరంగా ఎక్కకండి’ అన్నాడు. ఎక్కాను. 270 అడుగుల పైనుంచి బొటనవేలంత ధార పడుతోంది. నాకు కావలసిందీ అదే. వానలప్పుడు అక్కడ హోరూ నురగే తప్ప ఎత్తు కంటికి ఆనదు. ఇప్పుడైతే ఒక్క చుక్కను పట్టుకుని చూపుతో కిందిదాకా రావచ్చు. సగం దారిలో అది గాలికి చెదిరి తుంపరవుతుంది, నాచురాయిని తడిపి మళ్లీ చుక్కై జారుతుంది. ఎర్రచందనం పెరిగే శేషాచలం కొండలివి, ఎండకు అలవాటుపడ్డ అడవి. వరదరోజుల వేషం చూసి అదే ఈ జలపాతం ముఖమనుకుంటే ఎలా? దిగేటప్పుడు ఎవరో ‘నీళ్లున్నాయా?’ అన్నారు. ‘ఎత్తుంది, వెళ్లండి’ అన్నాను.