కుక్కతో పరదేశమున కాపురము

చిత్తూరు నుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. కుమారునకు ఇంగ్లండున ఉద్యోగమైనదట. కోడలును వెంట వెళ్ళవలసియున్నదట. ఆ దంపతులు మూడేండ్లుగా బిడ్డవలె పెంచుకొన్న కుక్క యొకటి ఇంట గలదు. అక్కడ వారికై అద్దె యిల్లు వెదకుచున్న స్నేహితులు “కుక్క యున్నదన్నచో ఇల్లు దొరకదు, దానిని అక్కడనే విడిచి రండు” అని కబురు చేసిరి. కోడలు రెండు దినములు సరిగా అన్నము ముట్టలేదు. అత్తగారికి కోడలి దుఃఖమును తెలియును, తన మోకాళ్ళ నొప్పులును తెలియును. “ఏమి చేయుదుము?” అని వారి ప్రశ్న.

నవ్వి విడువదగిన ప్రశ్న కాదిది. తిరుపతి చిత్తూరు వీథులలో పిల్లలు డల్లాసునందో లండనునందో మెల్బోర్నునందో యున్న గృహములు నేడు కొల్లలుగా నున్నవి. వారు విమానమెక్కిన మరునాడు ఆ యింటి కుక్కకు అన్నము కలిపి పెట్టునది ఎవరు? ఇల్లాలే. దానికి సుస్తి చేసినప్పుడు ఆటో పిలిచి పశువైద్యుని యొద్దకు గొనిపోవునదియు ఆమెయే. కావున ఈ సంగతి మన పుటయందు చర్చింపదగినదే యని తలచితిమి.

ముందుగా ఇల్లు గలవారి భయమును తెలిసికొనవలయును. మా వారికి బదిలీ యైనప్పుడెల్ల మేమును అద్దె యింటికై తిరిగినవారమే. ఒకమారు ఒక యజమానురాలు వంటయింటిని, పెరటిని, కుళాయిని ఎంతయో ప్రీతితో చూపి, మా పిల్లవాని వెనుక నిలిచిన కుక్కను చూచినంతనే “మాది మడి గల యిల్లమ్మా” యని తాళము చేతికి తీసికొనిరి. వారిని మేము తప్పుపట్టలేదు. మెట్లొక్కటే, నడవ యొక్కటే. వారి పూజగదికి మా వాకిలి ఎదురుగా నుండెను. పరదేశమున మడి యను మాట లేదు గాని భయము మాత్రము ఇట్టిదే. అక్కడ నేల నంతయు కప్పి అతికించిన తివాచీ యుండును. అది తడిసినచో వాసన విడువదు. గోళ్ళ గీతలు పడు చెక్క నేలలుండును. గోడలు పలుచన; పగలు కుక్క మొఱిగినచో ప్రక్కవారు యజమానికి ఫిర్యాదు వ్రాయుదురు. అమెరికాలో భవనమునకు బీమా చేసినవారే కొన్ని జాతుల కుక్కలు కూడదని నియమము పెట్టుట కలదు. ఈ భయములకు సమాధానము చెప్పు కాగితములు చేతనున్నచో సగము పని నెరవేరినట్లే. వాని సంగతి పిదప చెప్పుదుము.

మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజునకు ఎదురైన చిక్కు ఇదియే కదా! హస్తినాపురము విడిచిన నాటినుండి వెంట నడచిన కుక్కతో ఆయన నిలిచియుండగా, ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కలు గలవారికి స్వర్గమున తావు లేదనెను. తన్ను నమ్మి వచ్చినదానిని విడువనని ధర్మరాజు చెప్పిన సంగతి మన మెల్లరము చిన్ననాటనే వినియున్నాము. మేము గమనించినది మఱియొకటి. ఆయన ఆ కుక్కను ఉత్తరీయము మాటున దాచి రథమెక్కజూడలేదు. ఉన్నది ఉన్నట్లు ఎదుట నిలిచి వాదించెను. నేడు కొందఱు “ఒడంబడికలో కుక్క లేదని వ్రాయుడు, చేరిన పిమ్మట ఎవరు చూచెదరు?” అని బోధించుచున్నారు. అట్లు చేసినవారు బయటపడిన దినమున ఇల్లు విడువవలసి వచ్చును. డిపాజిటునుండి కోతయు పడవచ్చును. అన్నిటికంటె కష్టమేమనగా, ఆ దేశములలో క్రొత్త యజమాని పాత యజమాని యొద్దనుండి మంచివారను జాబు తెమ్మని అడుగుట వాడుక. ఆ జాబు చెడినచో కుక్క లేకున్నను ఇల్లు దొరకుట దుర్లభము.

విడువని పట్టుదల పురాణములకే చెల్లినదని యనుకొనవలదు. 2022లో యుక్రెయిన్ యుద్ధము వచ్చినప్పుడు మన దేశపు విద్యార్థులు కొందఱు తమ కుక్కను విడిచి విమానమెక్కమనిరి. కేంద్ర ప్రభుత్వము ఆ యొక్క సారికి నియమములు సడలించి జంతువులను రానిచ్చెను. తణుకునుండి వెళ్ళిన వైద్యుడొకరు తాను పెంచిన జాగ్వారును, నల్లచిరుతను విడిచి రానని అక్కడనే నిలిచిపోయెను. మేము అంతదూరము పొమ్మనుట లేదు!

ఇక చట్టముల మాట. ఇంగ్లండున 2025లో అద్దెదారుల హక్కుల చట్టమొకటి చేయబడినది. 2026 మే 1వ తేదీ నుండి అమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడిన దాని నియమముల ప్రకారము, అద్దెకున్నవారు పెంపుడు జంతువు నుంచుకొనుటకు వ్రాతమూలముగా అనుమతి కోరవచ్చును. యజమాని 28 దినములలో వ్రాతమూలముగా బదులీయవలయును. తగిన కారణము లేక కాదనరాదు. భవనపు అసలు హక్కుదారుల ఒప్పందమే జంతువులను నిషేధించి యున్నచో అది తగిన కారణమగును. 2019 నాటి వేఱొక చట్టము వలన, సంవత్సరపు అద్దె 50,000 పౌండ్లకు లోబడిన ఇంటికి అయిదు వారముల అద్దెను మించి డిపాజిటు పుచ్చుకొనరాదు. కుక్క పేర అదనముగా అడిగినను మొత్తము ఆ మితిని దాటరాదు. కోడలికి ఈ సంగతి తెలిసియుండుట మేలు. అయితే సోదరీ, ఈ హక్కు ఇంట చేరినవారిది. ఇల్లు చూడవచ్చిన పదిమందిలో కుక్క లేని వారికే తాళము ఇచ్చుట యజమానికి నేటికిని సులువు.

కెనడాలోని అంటారియోలో సరిగా ఇదే వింత. 2006 నాటి చట్టము ప్రకారము ఒడంబడికలో “జంతువులు కూడవు” అని వ్రాసికొన్నను ఆ మాట చెల్లదు. కాని లోపల చేరకముందు యజమాని తనకు నచ్చినవారిని ఎన్నుకొనవచ్చును. కాండోమినియములని పిలువబడు భవనముల సంఘములు తమ నియమములచే కుక్కలను నిషేధింపవచ్చును. ఫ్రాన్సున 1970 జూలై 9 నాటి చట్టము పెంపుడు జంతువులను నిషేధించు మాటను రద్దు చేసినది, ప్రమాదకరమైన కుక్కల విషయమున దక్క. జర్మనీలో 2013లో అచటి ఉన్నత న్యాయస్థానము, అచ్చువేసిన ఒడంబడికలో కుక్కలను పిల్లులను గంపగుత్తగా నిషేధించుట చెల్లదని తీర్పు చెప్పినది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రమున 2020 మార్చి 2 నుండి, అనుమతి కోరిన 14 దినములలో యజమాని న్యాయసభకు పోనిచో అనుమతి ఇచ్చినట్లే లెక్క. వినుటకు ఎంత బాగున్నది! కాని ఆస్ట్రేలియా మన దేశపు కుక్కను సూటిగా రానీయదు. ముందు వారంగీకరించిన వేఱొక దేశమునకు చేర్చి, అక్కడి నియమములు తీర్చి, పిమ్మట తీసికొని పోవలయును. ఇంటి తలుపు తెఱచిన చట్టమునకు ఓడరేవు తలుపు మూసిన చట్టము ఎదురు.

అమెరికాలో సామాన్య కుక్కలకు దేశమంతటికి ఒక్క న్యాయము లేదు. పెద్ద అపార్టుమెంటులలో చాలవఱకు కుక్కలను రానిత్తురు గాని, చేరునప్పుడు తిరిగి రాని రుసుము, పైన నెలనెలకు కుక్క అద్దె అడుగుదురు. బరువునకు మితి పెట్టుట, పిట్‌బుల్, రాట్‌వీలర్ మొదలగు జాతులను కాదనుట కలదు. వైకల్యము గలవారికి తోడ్పడు కుక్కలకు వేఱు న్యాయము గలదు. దానిని అడ్డుపెట్టుకొని దొంగ పత్రములు కొని తెచ్చువారు నిజముగా అవసరమైన వారి నోట మన్ను కొట్టుచున్నారని మా యభిప్రాయము.

ఇల్లు దొరకుటకు ముందే మొదలిడవలసిన పని మఱొకటి గలదు, అది కాలముతో కూడినది. ఇంగ్లండునకు గాని ఐరోపా దేశములకు గాని మన కుక్క పోవలయునన్న, మొదట చర్మము క్రింద మైక్రోచిప్పు వేయింపవలయును; ఆ పిదపనే రేబిస్ టీకా. ఈ వరుస తప్పినచో టీకా లెక్కకు రాదు, మరల వేయింపవలసి యుండును. టీకా యైన 30 దినములకు తక్కువ గాకుండ ఆగి రక్తము తీయించి, అంగీకృతమైన ప్రయోగశాలకు పంపవలయును. రక్తము తీసిన నాటినుండి మూడు నెలలు నిండవలయును. అనగా నాలుగు నెలలకు పైమాట. అమెరికాకు 2024 ఆగస్టు 1 నుండి క్రొత్త నియమములు వచ్చినవి: మన దేశమునుండి పోవు కుక్కకు ఆఱు నెలల వయస్సు నిండి యుండవలయును, చిప్పు ఉండవలయును, ఇక్కడనే టీకా వేయించిన కుక్కకు రక్తపరీక్ష లేనిచో అక్కడ 28 దినములు వేఱుగా నుంచుదురు. వీసా చేతికి వచ్చిన పిమ్మట కుక్కను గూర్చి ఆలోచింతమనుకొన్నవారికి కాలము చాలదు. తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల యున్నది. ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయములోనిది. అచటి వైద్యులను గాని, మీకు తెలిసిన పశువైద్యుని గాని ఇప్పుడే అడుగుడు. దేశము దాటించు ఆరోగ్యపత్రమునకు చెన్నపట్టణమున కేంద్ర ప్రభుత్వపు జంతు క్వారంటైను కార్యాలయము గలదు.

దంపతులు కలసి వెళ్ళి, ఇల్లు కుదిరిన నాడు ఇక్కడివారిచే కుక్కను పంపించుకొందురని చాలమంది యనుకొందురు. ఇంగ్లండు, ఐరోపాల నియమము వేఱు. కుక్క గలవారి ప్రయాణమునకు అయిదు దినములు ముందో వెనుకో లోపల కుక్క చేరవలయును. అట్లు కానిచో అది వర్తకపు సరకు క్రింద లెక్కింపబడి నియమములు కఠినమగును. కావున మేము చెప్పునది: కుమారుడు ముందు పోవలయును. తాత్కాలికముగా ఒక గదిలో నుండి, యజమానులను స్వయముగా కలిసి, కుక్కయున్నదని మొదటి మాటగా చెప్పి ఇల్లు కుదుర్చుకొనవలయును. కోడలు ఆ మూడు నాలుగు నెలలు మీయొద్ద నుండి, కుక్క కాగితములన్నియు తన పేరనే వ్రాయించుకొని, దానితో కూడ బయలుదేరవలయును. రక్తపరీక్షకై ఎట్లును ఆగవలసిన కాలమే గదా.

ఆ నాలుగు నెలలలో కుక్కకు చదువు చెప్పవలయును. మన కుక్కలు పెరటిలో స్వేచ్ఛగా తిరిగి, ఇంట ఎవరో ఒకరు ఎల్లప్పుడు ఉండగా పెరిగినవి. అక్కడ ఇద్దఱును పనికి పోయినచో మూసిన తలుపు వెనుక ఒంటిగా నుండవలయును. మొదట పావుగంట, పిమ్మట గంట, ఆ పిమ్మట రెండు గంటలు ఒక గదిలో నుంచి అలవాటు చేయవలయును. గొలుసుతో బయటకు పోయి నిర్ణీత వేళకు మలమూత్రములు విడుచుట, తలుపు గంట మ్రోగినను మొఱుగకుండుట నేర్పవలయును. ఇంత చేసి, టీకాల పుస్తకము, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స యైన పత్రము, బరువు, వయస్సు, రెండు ఛాయాచిత్రములు, ఇక్కడి యింటి యజమానియో ఇరుగుపొరుగువారో ఆంగ్లమున వ్రాసియిచ్చిన మంచిమాట — ఇవి యన్నియు ఒక ఫైలులో కట్టి కుమారునకు పంపుడు. జాతి యేదని అడుగు చోట మన నాటుకుక్కకు గొప్ప పేరు తగిలింపవలదు. “మిక్స్‌డ్ బ్రీడ్” అని పశువైద్యునిచే వ్రాయించిన చాలును. నాటుకుక్కకు నిషేధించిన జాతుల పట్టికతో పేచీ తక్కువ. ఈ యొక్క విషయమున బీదవాని కుక్కయే మేలు.

పదేండ్లు నిండిన కుక్కను, గుండెజబ్బు గలదానిని, ముక్కు చప్పిడిగానుండు పగ్ వంటి జాతిని మాత్రము విమానపు పెట్టెలో నుంచుటకు మేము ఒప్పుకొనము. చప్పిడిముక్కు కుక్కలను కొన్ని విమాన సంస్థలే తీసికొనవు. అట్టి కుక్కకు ఎవరి సుఖము చూచుచున్నామో కోడలు ఒక దినము కూర్చుండి ఆలోచింపవలయును.

తుదకు కుక్క మీయొద్దనే యుండవలసి వచ్చినచో, అది మీ యొక్కరి మోకాళ్ళపై పడకూడదు. వీథిలో విడిచి అన్నము నీళ్ళు లేక మాడునట్లు చేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. నేరము కాకున్నను చేయుదురని మేము తలంపము. ఉదయ సాయంకాలములు త్రిప్పుటకు వీథిలోని కుఱ్ఱవానిని నెలకింతయని కుదిర్చి, ఆ సొమ్ము కుమారుడే నెలనెల పంపునట్లు ఇప్పుడే మాట తీసికొనుడు. ఏటి టీకా తేదీని గోడ క్యాలెండరుమీద కోడలిచేతనే వ్రాయింపుడు. ఆమె విడిచిన పాత చీర యొకటి ఉతుకక కుక్క పడుకొను చోట పఱచుడు. మొదటి వారమున అన్నము ముట్టకున్నచో పెరుగన్నము కొంచెము కొంచెముగా చేతితో పెట్టి చూడుడు.