నాయకులను అడగవలసిన ప్రశ్న

ఎవరు నాయకుడు కావాలన్న చర్చ ఎక్కడ చూసినా సాగుతున్నది. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో చాట ఒడిలో పెట్టుకుని, పొగాకు దుమ్ము పీలుస్తూ బీడీలు చుట్టే ఆడపడుచుల ఊసు అందులో వినిపించదు. వారిలో మన ఇళ్లవారూ ఎందరో ఉన్నారు. 1976 నాటి చట్టం ప్రకారం బీడీలపై వసూలైన సెస్సు వారి వైద్యానికి, గృహవసతికి, పిల్లల ఉపకార వేతనాలకు ఆధారంగా ఉండేది. 2017లో జీఎస్టీ రాకతో ఆ సెస్సు రద్దయింది. బీడీపై పన్ను మాత్రం వసూలవుతూనే ఉన్నది. హక్కుగా అందవలసిన నిధి బడ్జెట్ దయాదాక్షిణ్యాలకు వదిలివేయబడింది. రాష్ట్రమిచ్చే జీవనభృతి కొంత ఊరటే; ఆ లోటును అది పూడ్చజాలదు. ఓటు కోరి గడప తొక్కే నాయకుడు ఏ పార్టీవాడైనా, మనవాడే అయినా, మనం ముందుగా అడగవలసింది ఒక్కటే: ఆ పన్నులో కార్మికురాలి వాటాను తిరిగి చట్టంలో ఎప్పుడు చేరుస్తారు?