అప్పు మీద బేరం

2023 మే నెలలో అమెరికా రుణ పరిమితి రగడను మనలో చాలామంది స్టాక్ మార్కెట్ వార్తగా భావించి పేజీ తిప్పేశాం. అయితే ఆ బేరంలో తాకట్టు పెట్టింది మార్కెట్‌నే అయినా, వడ్డీ కట్టింది మాత్రం పేదవాడి కంచం.

అక్కడి కాంగ్రెస్ ఖర్చులను కొన్ని చట్టాలతో ఆమోదిస్తుంది. వాటికి కావలసిన అప్పుపై మరో చట్టంతో పరిమితి విధిస్తుంది. 1917లో యుద్ధ అవసరాలకు రుణసేకరణ సులువు కావాలని మొదలైన ఏర్పాటు ఇది. కాబట్టి పరిమితి పెంచడం కొత్త ఖర్చుకు అనుమతి కాదు. సభ తానే ఒప్పుకున్న బాకీని తీర్చడం. వలీమా విందు ముగిశాక వంటవారికి సొమ్ము ఇవ్వాలా వద్దా అని ఇంటివారు పంచాయితీ పెట్టుకోవడం వంటిదే ఈ ప్రతిష్టంభన.

ఆ ఏడాది జనవరిలో కెవిన్ మెకార్తీ 15 విడతల ఓటింగ్ తర్వాత గానీ ప్రతినిధుల సభ స్పీకర్ కాలేకపోయారు. ఒక్క సభ్యుడు కోరినా స్పీకర్ తొలగింపుపై ఓటింగ్ జరపవచ్చన్న నిబంధనకు ఆయన తలవంచవలసి వచ్చింది. అప్పు 31.4 లక్షల కోట్ల డాలర్ల పరిమితిని తాకింది. ఖజానా ఖాళీ అయ్యే గడువు దగ్గరపడ్డాక అధ్యక్షుడు బైడెన్‌తో ఒప్పందం కుదిరి, జూన్ 3న చట్టమైంది. సైన్యానికి 88,600 కోట్ల డాలర్లు యథాతథంగా దక్కాయి. కోత పడింది ఆహార సహాయం మీద. పిల్లలు లేని, పని చేయగల పెద్దలు నెలకు 80 గంటల పని చూపకుంటే మూడేళ్లలో మూడు నెలలకు మించి సహాయం అందదన్న షరతు అప్పటిదాకా 49 ఏళ్లవరకే ఉండేది. దాన్ని 54కు పొడిగించారు. మాజీ సైనికులకు, ఇల్లు లేనివారికి మినహాయింపు ఇచ్చారు, అంతవరకు మంచిదే.

ఆగస్టు 1న ఫిచ్ సంస్థ అమెరికా పరపతి స్థాయిని తగ్గించింది. రుణ ఒప్పందంపై రగిలిన అసంతృప్తికి సెప్టెంబరు చివరి తాత్కాలిక బడ్జెట్ తోడై, అక్టోబరు 3న సొంత పార్టీకి చెందిన ఎనిమిది మందే డెమొక్రాట్లతో కలిసి మెకార్తీని దించేశారు. ఓటింగ్‌తో పదవి కోల్పోయిన తొలి స్పీకర్ ఆయనే.

ఎనిమిది మందీ అల్పసంఖ్యాకులే కదా అని ఎవరైనా అడగవచ్చు. అల్పసంఖ్యాకుల హక్కు అంటే తన గొంతు వినిపించే, తనకు న్యాయం దక్కే హక్కు. సభలో కీలు తమ చేతిలో ఉందని మూడో మనిషి రొట్టెను లాక్కునే అధికారం కాదు. ఈ తేడాను మన సంఘాలు గట్టిగా పట్టుకోవాలని నా అభిప్రాయం.

మన వ్యవస్థలో ద్రవ్య బిల్లు వీగితే ప్రభుత్వమే పోతుంది గనుక ఇలాంటి చిక్కు కేంద్రంలో రాదు. ఇక్కడ తగవు రాష్ట్రాల రుణ పరిమితిపై. కేరళ వేసిన దావాను 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది.

అమెరికా 14వ సవరణ దేశ రుణం చెల్లుబాటును ప్రశ్నించరాదంటుంది. మన 14వ అధికరణకు స్ఫూర్తినిచ్చిన చట్టాల సమాన రక్షణ కూడా అదే సవరణలోనిది. బైడెన్ దాన్ని ఆశ్రయించే ఆలోచన చేసి కూడా వెనుకంజ వేశారు. 2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన చట్టం పరిమితిని మరో 5 లక్షల కోట్ల డాలర్లు పెంచింది. పని షరతు వయస్సును 64కు చేర్చింది, మాజీ సైనికులకూ ఇల్లు లేనివారికీ ఇచ్చిన ఆ మినహాయింపునూ తొలగించింది.