కోరింగిని పాటు వేళ చూపించండి



కాకినాడకు దగ్గర్లోనే ఉన్న కోరింగి మడ అడవికి సెలవు రోజుల్లో జనం బాగానే వస్తారు. చెక్కబాట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. చెట్లూ బురదా తప్ప ఇక్కడ ఏముందని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం, ఎందుకంటే వాళ్లు చూసినది నిజంగా అంతే. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల అడవి సముద్రపు ఆటుపోట్లతో బతుకుతుంటే, సందర్శకులను మాత్రం ఆఫీసు వేళలకు లోపలికి పంపుతున్నాం. ఈ వేళలు మార్చాలన్నదే నా మనవి.

ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు వచ్చి నీరు నిండుతుంది, రెండుసార్లు పాటు వచ్చి నీరు తీస్తుంది. అవి ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. కాబట్టి ఈ ఆదివారం ఉదయం పదింటికి నీరు బాగా తీసి ఉంటే, వచ్చే ఆదివారం పదింటికి దాదాపు నిండుపోటు ఉంటుంది. పోటు మీద వచ్చినవాళ్లకు కనిపించేది పచ్చటి గోడ, మట్టి రంగు నీరు. నీరు తీశాక అదే చోట నల్లమడ, తెల్లమడ చెట్ల కింద ఊపిరి వేళ్లు వేల సంఖ్యలో నిటారుగా లేచి ఉంటాయి. గాలి ఆడని బురదలో వేళ్లకు ప్రాణవాయువు అందేది వాటి ద్వారానే. వాటి మధ్య చిన్న పీతలు బొరియల్లోంచి బయటికి వస్తాయి. మగపీతకు ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది. దాన్ని పైకెత్తి ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది. అడుగుల అదురు తగిలితే అన్నీ ఒక్కసారే మాయమవుతాయి, కాసేపు కదలకుండా నిలబడితే మళ్లీ వస్తాయి. తడి ఒంటితోనే గాలి పీల్చే చేపలు బురద మీద గెంతుతుంటాయి. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలకు తిండి దొరికేదీ నీరు తీసిన బురదలోనే. బావురు పిల్లి రాత్రి పూట వేటాడుతుంది కనుక పగలు కంటపడటం అరుదు. అయితే తడి బురద మీద దాని అడుగుజాడలు చూపగలిగినవాళ్లు పక్కన ఉంటే, అదీ చూసినట్టే.

పాటు వేళ కాలవల్లో నీరు చాలదు, పడవలు నడిపేవాళ్ల పొట్ట కొట్టినట్టు అవుతుందని కొందరు అనవచ్చు. నడక పాటుకు, పడవ పోటుకు పెడితే ఆ చిక్కు ఉండదు, పైగా ఒకే మనిషి రెండూ చూసేందుకు ఆగుతాడు. పోటూ పాటూ పుట్టుక నుంచి ఎరిగిన మత్స్యకారులనే దారి చూపేవాళ్లుగా పెడితే వాళ్లకు ఇంకో ఆదాయం. రోజూ మారే వేళలు జనానికి ఎలా తెలుస్తాయన్నది ఇంకో ప్రశ్న. ఆటుపోట్ల వేళలను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ముందుగానే లెక్కగట్టి ఇస్తోంది. వాటిని గేటు దగ్గర బోర్డు మీద రాయడం, టికెట్లు అమ్మే చోట పెట్టడం పెద్ద పనేమీ కాదు.

అసలు మనుషులనే రానివ్వకపోతే జంతువులకు మేలు కదా అనే వాదనను మాత్రం తేలిగ్గా తీసిపారేయలేం. చెక్కబాట దిగి బురద తొక్కనివ్వకూడదు, స్పీకర్లు లోపలికి రానివ్వకూడదు, ఒక్కో జట్టులో మనుషుల సంఖ్యకు హద్దు పెట్టాలి. కానీ పూర్తిగా మూసేస్తే జరిగే నష్టం వేరే చోట కనిపిస్తుంది. 2020లో ఇదే కాకినాడలో, దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు కొట్టి నేల చదును చేశారు. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇళ్లు కావాలి, అందులో సందేహం లేదు. అయితే ఇన్ని స్థలాలుండగా ఆ బురదే ఖాళీ జాగాగా తోచిందంటే, అందులో ఏముందో ఊరికి తెలియకపోవడం ఒక కారణం. అభయారణ్యం హద్దుల బయట, ఊళ్లోకి చొచ్చుకొచ్చిన మడలకు చట్టం ఉన్నా కాపలా తక్కువ. వాటి తరఫున నోరు విప్పాల్సింది పక్కనే ఉండే జనమే. వచ్చే చలికాలం పక్షులు దిగేలోగా అటవీశాఖ కనీసం శని, ఆదివారాలకైనా పాటు వేళల నడకలు మొదలుపెట్టాలి, కాకినాడ బడి పిల్లలకు అందులో మొదటి చోటు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ