ఆయన ఆ నీళ్లు తాగాడా?

డిసెంబరు వచ్చిందంటే మన పల్లెల్లో సండే స్కూలు పిల్లలకు నాటకం నేర్పుతారు. ఎర్రగా ఉన్న పిల్ల దేవదూత. నల్లగా ఉన్నవాళ్లు గొర్రెల కాపరులు. మరియమ్మ మొహానికి డబ్బాడు పౌడరు. అర్థం తెలియని గ్రాంథికాన్ని పిల్లలు అప్పజెప్తారు, పెద్దలు చప్పట్లు కొడతారు. బడిపంతుళ్లం మేమూ చాలా ఏళ్లు ఇదే నేర్పాం. తప్పు మాదే, ఒప్పుకుంటున్నాం.

ఒక ఏడాది దేవదూత వేషం దొరకని ఆరో తరగతి పిల్ల, "నల్ల దేవదూతలు ఉండరా మాస్టారూ?" అనడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ నాటకం పక్కనబెట్టి యోహాను సువార్త 4వ అధ్యాయం తీశాం. యాకోబు బావి దగ్గర ఏసు ఒక సమరయ స్త్రీని మంచినీళ్లడుగుతాడు. యూదులు సమరయుల్తో పొత్తు పెట్టుకోని కాలమది. ఆ స్త్రీ వేషం ఈ పిల్లకిచ్చి, నీ మాటల్లోనే చెప్పమన్నాం. "మా చేతి నీళ్లు నువ్వెట్లా తాగుతావయ్యా?" అంది. చర్చి అరుగుమీద ముసలమ్మలు మాటలాపి ఇటు చూశారు.

ఏసు వేషం కట్టిన పిల్లోడు దోసిలి పట్టాడు. ఎవరు చెప్పార్రా అంటే, "నాయనమ్మ. ఊళ్లో అట్లాగే తాగేవాళ్లంట" అన్నాడు. ఆ పిల్ల ఊరుకోలేదు. "ఆయన దోసిలి పట్టేదేంది? చెంబు తీసుకో" అంది. తర్వాత ఇంకో ప్రశ్న వేసింది: "ఇంతకీ తాగాడా, లేదా?" మళ్లీ చదివాం. ఆమె కుండ అక్కడే వదిలి ఊళ్లోకి పోయిందని ఉంది. ఆయన తాగినట్టు ఎక్కడా లేదు. పిల్లలే తేల్చారు: మన నాటకంలో తాగాలి, చెంబుకు మూతి పెట్టి తాగాలి.

నీళ్ల సంగతి మనకు బైబిలు కథ ఒక్కటే కాదు. 1927లో అంబేద్కర్ వెంట మహద్ చెరువు నీళ్లు తాగినవాళ్లను కొట్టారు. 1985 జులైలో కారంచేడులో తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్న గొడవలో మున్నంగి సువార్త బిందె ఎత్తింది. జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆమె పేరే సువార్త. ఈ సువార్త మన పిల్లలు ఏ నాటకంలో నేర్చుకున్నారు?

చర్చిలో కులం గొడవలెందుకు, భక్తి నేర్పండి అంటారు కొందరు పెద్దలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి ఎస్సీ కాదంది. ఊరు మాత్రం మాల, మాదిగ అని పిలవటం మానలేదు. చర్చి గడప దాటగానే పిల్లలకు ఎదురయ్యే కులం గురించి చర్చిలో మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతాం?

పాస్టరుగార్లారా, టీచర్లారా! ఈ క్రిస్మస్‌కు పౌడరు డబ్బా పక్కనబెట్టండి. బావి సీను వేయించండి. పిల్లల మాటలు దిద్దకండి. చెంబులో నిజంగానే నీళ్లు పొయ్యండి.